ఇనప్పెట్టెలోని పేర్లు: మెదక్ డయాసిస్ బిషప్ గారికి బహిరంగ లేఖ

గౌలిగూడ, హైదరాబాదు

దక్షిణ ఇండియా సంఘం మెదక్ డయాసిస్ బిషప్ గారికి,



నేను మీ డయాసిస్‌లో ఒక సంఘ సభ్యురాలిని. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను. అరవై ఏడేళ్లు. ఆదివారం పొద్దున గౌలిగూడ చమన్ నుంచి పుత్లీబౌలి మీదుగా ఆబిడ్స్ దాకా చర్చికి ఇప్పటికీ నడిచే వెళ్తాను. కోఠి దగ్గరికి వచ్చేసరికి నేను చదువుకున్న మహిళా కాలేజీ ప్రహరీ కనిపిస్తుంది. రెండు వందల ఏళ్ల కింద రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన మేడ అది. హైదరాబాదు రాజ్యం మీద ఈస్టిండియా కంపెనీ దొరల పెత్తనం అక్కణ్ణుంచే నడిచింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఆ కాలేజీకి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. వెట్టి చేసే కులంలో పుట్టి, పాలకుర్తిలో దొరకు ఎదురు నిలిచిన మనిషి పేరు రెసిడెంటు కొలువు తీరిన ఇంటికి వచ్చింది.

ఆ కొత్త పేరు బోర్డు మొదటిసారి చూసిన రోజు ఆరాధనలో నా మనసు నిలవలేదు. పాట నడుస్తుంటే చర్చి గోడల వంక చూస్తూ కూర్చున్నాను. పాలరాతి పలకల మీద కల్నళ్ల పేర్లున్నాయి, చాప్లిన్ల పేర్లున్నాయి, జ్వరంతో పోయిన దొరసానుల పేర్లున్నాయి. వాళ్లను తలుచుకోవద్దని నేననను. ఈ డయాసిస్‌లో కూర్చుని పాడే మనలో ఎక్కువమంది వెట్టి చేసినవాళ్ల మనవలం, మునిమనవలం. మన తాతల పేర్లు మాత్రం నేను చూసిన ఏ పలక మీదా లేవు. ఈ ఉత్తరం అక్కడ పుట్టింది.

విదేశాల్లో చర్చిలు తమ పాత లెక్కల పుస్తకాలు తెరుస్తున్న సంగతి మీకు తెలిసిందే. ఇంగ్లండు చర్చి 2023 జనవరిలో ఒక నివేదిక బయటపెట్టింది. పేద పాస్టర్ల జీతాల కోసం 1704లో పెట్టిన క్వీన్ ఆన్స్ బౌంటీ అనే నిధిలోంచి, ఆఫ్రికా మనుషులను ఓడల్లో కుక్కి అమ్మిన సౌత్ సీ కంపెనీకి పెట్టుబడి వెళ్లిందని అందులో ఒప్పుకుంది. పది కోట్ల పౌండ్లు పక్కన పెడతామంది. ఇది ఎక్కడిదో సంగతి, మనకేమిటి అని మన పెద్దల్లో కొందరు అనగా విన్నాను. మనకు సంబంధం ఉంది. ఆ సంబంధం మన వీధుల్లో బోర్డుల మీద రాసే ఉంది.

సికింద్రాబాదులో సెయింట్ థామస్ చర్చిని ఇప్పటికీ ఎస్.పి.జి. చర్చి అంటారు. నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు ఉంది. ఆ మూడక్షరాలు 1701లో లండన్‌లో పుట్టిన సువార్త ప్రచార సొసైటీవి. 1710లో చనిపోయిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే జమీందారు బార్బడోస్ దీవిలో తన చెరకు తోటలను వీలునామాలో ఆ సొసైటీకి రాసిచ్చాడు. తోటలతోపాటు వందల మంది బానిసలు కూడా సొసైటీ ఆస్తి అయ్యారు. కొంతకాలం ఆ మనుషుల రొమ్ముల మీద కాల్చిన ఇనుముతో ‘సొసైటీ’ అని ముద్ర వేశారు. మన ఊళ్లలో పశువులకు వాతలు పెట్టడం చూసినవాళ్లకు ఆ వాసన తెలుస్తుంది. బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 411 మందికి లెక్కకట్టి 8,823 పౌండ్లు పరిహారం ఇచ్చింది. ఇచ్చింది సొసైటీకి. విడుదలైనవాళ్లకు ఒక్క పెన్నీ దక్కలేదు. ఆ సొసైటీ వారసులు 2023లో కాడ్రింగ్టన్ ప్రజల కోసం డెబ్భై లక్షల పౌండ్ల పనిని ప్రకటించారు.

మరి మన మెదక్ సంగతి? మనది వెస్లియన్ మెథడిస్టుల వేరు. జాన్ వెస్లీ బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడు. 1774లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. 1791లో కన్ను మూసే కొద్ది రోజుల ముందు కూడా, వెనక్కి తగ్గొద్దని, బానిస వ్యాపారం మీద పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు ఉత్తరం రాశాడు. దాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన తర్వాత ఏర్పడిన వెస్లియన్ మిషన్ సొసైటీ కరీబియన్ దీవులకు పంపిన మిషనరీలకు ఏం ఆదేశం ఇచ్చింది? బానిసల ఆత్మల సంగతి మాత్రమే చూడండి, వాళ్ల లౌకిక స్థితి జోలికి పోవద్దు, బాహాటంగానూ వద్దు, చాటుగానూ వద్దు అని. ఆత్మ మనకు, ఒళ్లు యజమానికి. ఈ పంపకం బార్బడోస్‌తో ఆగలేదని నా నమ్మకం. అది ఓడెక్కి మన దాకా వచ్చింది.

బాప్టిస్టు బంధువులు మాకేం సంబంధం అనకుండా ఒక మాట. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. బానిసలున్నవాణ్ణి మిషనరీగా పంపాలా వద్దా అనే తగువులో ఆ బాప్టిస్టులు 1845లో ఉత్తరాది, దక్షిణాదిగా చీలిపోయారు. అప్పటిదాకా మిషన్ ఖజానాలో దక్షిణాది చర్చిల కానుకలు కూడా పడేవి. పత్తి చేలలో ఎవరి చెమటో ఆ కానుకైంది. తెలుగు నేల మీద సువార్త చెప్పినవాళ్ల జీతంలో అదీ కలిసింది.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. బళ్లు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి, భూములు వచ్చాయి. ఆస్తి పంచుకున్నవాళ్లం అప్పు కూడా పంచుకోవాలి గదా.

ఇంతవరకు దూరపు లెక్క. దగ్గరి లెక్క చెప్పడం కష్టం.

బానిసత్వాన్ని రద్దుచేసిన 1833 నాటి బ్రిటిష్ చట్టంలో, ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఇది వర్తించదని ఒక సెక్షన్ ఉంది. ఆ చట్టం అమల్లోకి వచ్చిన 1834లోనే ఇక్కడ సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు మొదలైంది. బార్బడోస్‌లో బానిసత్వాన్ని కాగితం మీద రద్దుచేసిన ఏడు, హైదరాబాదులో ఇంగ్లిషు అక్షరాలు దిద్దించడం మొదలైన ఏడు ఒకటే. నిజాం పల్లెల్లో వెట్టి మాత్రం ఇంకో వంద ఏళ్లకు పైగా నడిచింది. దాన్ని ఎవరూ బానిసత్వం అనలేదు. ఆచారం అన్నారు, మామూలు అన్నారు. మాదిగలు దొరకు చెప్పులు, మోటబొక్కెనలు కుట్టియ్యాలి, మూటలు మొయ్యాలి. మాలలు కబుర్లు మొయ్యాలి, కచ్చడం బండి ముందు పరిగెత్తాలి. చాకలి, మంగలి, కుమ్మరి, ఎవరి వంతు వాళ్లది. దొర బిడ్డ అత్తారింటికి పోతే కట్నకానుకలతో పాటు ఆడబాపలను పంపేవారు. ఆడబాప అంటే ఆడపిల్ల, పేరు లేని ఆడపిల్ల. అమ్మిన కాగితం లేదు కాబట్టి ఇది బానిసత్వం కాదనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, దుఃఖం ఉంది.

ఈ గౌలిగూడకు కూతవేటు దూరంలో, వివేకవర్ధినిలో, 1921లో ఒక సభలో తెలుగు మాట్లాడినందుకు జరిగిన అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. వాళ్లు వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకాలు అచ్చేసి ఊరూరా పంచారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ కట్టిన భాగ్యరెడ్డి వర్మ జీవితమంతా అంటరానితనం మీదే పోరాడాడు. ఇదంతా మన చర్చి గంటలు వినిపించేంత దగ్గర్లో జరిగింది.

మా నాయనమ్మది మెదక్ దగ్గర పల్లె. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ పోస్నెట్ అయ్యగారు మెదక్ గుడి పని పెట్టి, కూలి చేసినవాళ్లకు బువ్వ పెట్టాడు గదా, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయిన ఆ గుడికి తాను సున్నం తట్టలు మోశానని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు అరచెయ్యి నెత్తిమీద పెట్టుకునేది, తట్ట ఇంకా అక్కడే ఉన్నట్టు. పోస్నెట్ గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడితే ఊరుకునేది కాదు. ఆయన పెట్టిన బువ్వ తిని బతికింది కాబట్టి నేనూ ఊరుకోను.

ఆమె కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి గుడి కాదు, ఆదివారం. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మాదిగలకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మూడు మాటలు అడిగేవాడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డును తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చదువుకున్న మనకు మొదటిది అన్నిటికన్నా తేలికగా కనిపిస్తుంది. వెట్టివాడికి అదే అన్నిటికన్నా బరువు. తరతరాలుగా సెలవన్నదే ఎరగని మనిషి, వారంలో ఒక రోజు నేను రాను అని దొర గడీకి కబురు పెట్టడం అంటే ఏమిటి? ఆ ‘రాను’ అన్నందుకు ఒంగోలు ప్రాంతంలో జనం దెబ్బలు తిన్నారు, కేసుల పాలయ్యారు. ఇక్కడ మా తాత కూడా తిన్నాడు. ఆయన వీపు మీద చింతబరికె మచ్చ ఉండేదని నాయనమ్మ చెప్పింది. సువార్త మాకు స్వర్గం గురించి చెప్పకముందు ఒక రోజు ఇచ్చింది.

పోయినేడు నాయనమ్మ ఊరి పాత బాప్తిస్మ రిజిస్టరు చూశాను. అక్కడి అయ్యగారు చిన్నవాడు, ఓపికమంతుడు. వెస్ట్రీలో సంస్కారపు గిన్నెల కింద ఉన్న ఇనప్పెట్టె తీసి చూపించాడు. అట్ట ఊడిపోయింది. సిరా గోధుమ రంగుకు తిరిగింది. గడుల్లో వరసగా పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, కులం, వృత్తి. మా నాయనమ్మ పేరు దొరికింది. పాత పేరు కొట్టేసి పక్కన బైబిలు పేరు రాశారు. వృత్తి గడిలో ఒకే మాట: వెట్టి. కింద ఆ పేజీ పొడుగునా అదే మాట, పైమాటే ఇదీ అన్నట్టు రెండు చుక్కలు పెట్టుకుంటూ పోయారు. పదహారు వరసలు లెక్కపెట్టాను. పేజీ అంచు చెద తిన్నది, పదిహేడో పేరులో సగం పోయింది.

బార్బడోస్‌లో సొసైటీ లెక్కలు రాసిన చెయ్యి ఎవరిదో, ఈ రెండు చుక్కలు పెట్టిన చెయ్యి ఎవరిదో. ఇద్దరూ వరసలు తిన్నగా రాశారు. ఒకరు ఆస్తిని రాశారు, ఒకరు ఆత్మలను రాశారు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఆ పేజీ ముందు నిలబడితే, రాసినవాళ్లు ఆ మాట మీద ఒక్క క్షణమన్నా ఆగారా అని అడగాలనిపిస్తుంది.

ఇక చెప్పక తప్పని మాట. ఇది మా ఇంటి మాట.

నా చిన్నతనంలో, 1960ల చివర, మా నాన్న ఊరికి పోయి తొమ్మిదేళ్ల పిల్లను తీసుకొచ్చాడు. మా చుట్టాలే, మన సంఘమే. పట్నంలో పెట్టి చదివిస్తామని వాళ్లమ్మకు మాటిచ్చాడు. ఆ పిల్ల నాలుగేళ్లు మా ఇంట్లో ఉంది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి బొగ్గుల పొయ్యి రాజేసేది. రాత్రి వంటింట్లో గోనెపట్టా మీద పడుకునేది. ఆమె కంచం వేరు, సొట్ట పడిన సత్తు కంచం, గూట్లో విడిగా బోర్లించి ఉండేది. మేమంతా తెల్లబట్టలు వేసుకుని బైబిళ్లు చంకన పెట్టుకుని చర్చికి పోతే ఇల్లు కాపలా ఆమెది. మా తాత దెబ్బలు తిని సంపాదించిన ఆదివారం మా ఇంట్లోనే ఆ పిల్లకు లేకుండా పోయింది.

ఒకరోజు నాయనమ్మ ఆ కంచం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “దొరింట్ల నాకు కంచం గూడ లేకుండె, కొంగుల పోసేటోళ్లు. దీనికి కంచమన్న ఇచ్చిండ్రు” అంది. మా నాన్న పేపర్లోంచి తలెత్తలేదు. ఆ పిల్లను బడిలో వేసింది ఆ ఏడు కాదు, ఆ మరుసటేడూ కాదు. పదమూడో ఏట వాళ్ల మామ వచ్చి పెళ్లని తీసుకుపోయాడు. ఇప్పుడు ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరికితే ఏమనాలో ఇంకా తెలియదు.

బిషప్ గారూ, ‘చదివిస్తామని’ తెచ్చిన పిల్లలు మన క్రైస్తవుల ఇళ్లలో ఎంతమంది పెరిగారో ప్రతి సంఘంలోనూ తెలుసు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చర్చి కాంపౌండులో తరం తర్వాత తరం ఊడ్చే కుటుంబాలున్నాయి. జీతం బదులు ఒక గది, పండక్కి ఒక చీర. ఉత్తర్వు కాగితం లేదు, ప్రావిడెంట్ ఫండ్ లేదు. సంస్కారానికి వాళ్లు అందరి తర్వాత మెట్లెక్కుతారు, ఎక్కొద్దని ఎవరూ అనకపోయినా. కమిటీ ఎన్నికలొస్తే మాల ప్యానెలు, మాదిగ ప్యానెలు. పెళ్లి ప్రకటనల్లో ‘క్రైస్తవ’ అన్న మాట పక్కనే కులం. 1976 ఫిబ్రవరి 9న వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం మన గేటు లోపలికి వచ్చిందా?

ఏటా ఆగస్టు 10న మనం బ్లాక్ డే పాటిస్తాం. 1950లో ఆ రోజు వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వలేదు కాబట్టి. బాప్తిస్మం తీసుకున్నా కులం పోలేదు, అంటు పోలేదు, కాబట్టి ఆ హక్కు మాకూ ఇవ్వండని మనవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆ కోరిక న్యాయమైంది, నేనూ నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నాను. కోర్టులో కులం పోలేదని చెప్పి, ఇంటికొచ్చి ప్రసంగ వేదిక మీద క్రీస్తులో కులం లేదని చెప్పడం ఎట్లా కుదురుతుంది? మన పక్కనే గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్ ఉంది. 2016లో కథోలిక బిషప్పుల సభ తమ సంఘంలో దళితుల పట్ల వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల అంతోని దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అయ్యారు. ఒక్క టోపీతో అన్నీ తీరిపోలేదు. కానీ ఒప్పుకున్నారు, కాగితం మీద ఒప్పుకున్నారు. మనం ఇంకా ఆ కాగితం రాయలేదు.

2019లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అమృత్‌సర్ వచ్చి జలియన్‌వాలా బాగ్‌లో నేల మీద సాష్టాంగపడ్డాడు. ఆ ఫొటో చూసి మన గ్రూపుల్లో అందరం సంతోషపడ్డాం. సాష్టాంగపడే వంతు ఎప్పుడూ ఇంగ్లిషువాళ్లదే అనుకున్నాం కాబోలు.

నేను అడిగేవి పెద్దవి కావు. డయాసిస్‌లోని ప్రతి పాస్టరేటులో ఉన్న పాత బాప్తిస్మ, పెళ్లి, సమాధి రిజిస్టర్లను ఫొటోలు తీయించండి. పేర్లు తెలుగులో ఎక్కించి, ఆ ఊరి సంఘం చూసుకునేలా చర్చిలో పెట్టించండి. వృత్తి గడిలో వెట్టి అని ఉన్న ప్రతి పేరునూ, కొట్టేసిన పాత పేరుతో సహా, ఆ చర్చి గోడ మీద రాయించండి. పాలరాయి అక్కర్లేదు, సున్నం గోడ మీద నల్ల రంగు చాలు. మెదక్ గుడికి రాళ్లు, సున్నం మోసినవాళ్ల పేర్లు కూలి పట్టీల్లో ఎక్కడన్నా మిగిలి ఉంటే అవి కూడా. చర్చి ఆవరణల్లో, బళ్లలో, హాస్టళ్లలో ఊడ్చి, వండి, కాపలా కాసే ప్రతి మనిషికీ ఉత్తర్వు కాగితం, కనీస వేతనం, వారానికో సెలవు ఉందో లేదో ముందు మీ ఆఫీసు నుంచే లెక్క తీయించి ఆ లెక్కను డయాసిస్ కౌన్సిల్ ముందు పెట్టండి. ఫిబ్రవరి 9కి దగ్గరగా వచ్చే ఆదివారం, ఇంట్లో పెట్టుకున్న పిల్లల సంగతి ప్రసంగ వేదిక మీద నుంచి మీరే అడగండి. ఆ రోజు నిలబడి మా ఇంటి సంగతి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

దీనికి డబ్బు లేదనకండి. సెల్‌ఫోన్ ఉన్న యూత్ ప్రతి సంఘంలోనూ ఉన్నారు. గొడవలవుతాయంటారేమో, కులాలు బయటపడతాయంటారేమో. అవి ఎన్నికల రోజున బయటపడుతూనే ఉన్నాయి.

నేను చూసిన రిజిస్టరులో పదిహేడో పేరు సగం పోయింది. ఆ పెట్టె ఉన్న వెస్ట్రీ కప్పు వానకు కారుతుంది. వచ్చే వానల లోపు తెరిపించండి.

ప్రభువునందు మీ సహోదరి,
గౌలిగూడ నుంచి ఒక సంఘ సభ్యురాలు